తడవని మడమలు

రావుతుల సింగన్న యుద్ధం నుంచి ఇంటికొచ్చాడు. ముఖమేమో యుద్ధం జరిగే దిక్కుకి, వీపేమో ఇంటికి. అడుగు తీసి వెనక్కి, మళ్లీ అడుగు తీసి వెనక్కి. ఉక్కు కవచం, ఎత్తి పట్టిన తుపాకి, అంత మంచుమైదానం దాటి కోటగోడ దాకా అలాగే వచ్చాయి. ఒక్కసారైనా తల తిప్పి దారి చూసుకున్నది లేదు.

ముందుగా కిటికీ అద్దంలోంచి చూసింది అతని అక్క కోనమ్మ.

"అమ్మా! తమ్ముడి కవచం వస్తోందే!"

వంటింట్లో ఉన్న అనితల్లి చేతికి అందిన చెంబు తీసుకుని, నీళ్లు ముంచి, పరుగున వచ్చింది. ఆ చెంబు సంగతి ఇప్పుడే చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు.

గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో ఒకటి మంచుమిట్ట. అక్కడి ఆకాశంలో గురుగ్రహం ఉదయించదు, అస్తమించదు. నెత్తిమీద ఒకేచోట వేలాడుతూ ఉంటుంది. దాని ఎర్రమచ్చ మాత్రం తిరిగి తిరిగి వచ్చి కిందకి చూసిపోతుంటుంది. బయట గాలి లేదు. కోటలో ఉన్న గాలే గాలి, దొర పెట్టిన ఉప్పే ఉప్పు. ఆ దొర ఉప్పు తిని, ఆయన కోటగోడలోనే కాపురాలుండే యోధుల ఇళ్లలో రావుతులది పెద్ద ఇల్లు. ఎందుకు పెద్దదంటే, ఆ ఇంట్లో ఎవడూ శత్రువుకి వెన్ను చూపలేదు. చచ్చినవాళ్లంతా ఎదురురొమ్మున దెబ్బ తిని చచ్చినవాళ్లే.

కాళ్లు కడుక్కునేటప్పుడు మడమలు తడవకపోతే శని పడుతుందని మన ఇళ్లలో పిల్లల్ని అదిలిస్తుంటారు కదా! రావుతుల ఇంట్లో అది పిల్లలకి చెప్పే మాట కాదు, శాసనం. యుద్ధం ముగించుకొచ్చిన మగవాడు గాలిగదిలోకి వచ్చి, అంటే బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య గాలి నింపే ఆ చిన్న గదిలోకి వచ్చి, ఇంటికి వీపుపెట్టి, తుపాకి ఎత్తి నిలబడాలి. ఇల్లాలు లోపలి తలుపు తీసి, వెనకనుంచి అతని మడమల మీద చెంబుతో నీళ్లు పొయ్యాలి. అప్పుడే అతను తుపాకి దించి, ఇంటివైపు తిరిగి, కవచం గొళ్లేలు విప్పుకుంటాడు. శత్రువు దిక్కుకి వాళ్ల వీపు తిరిగేది జన్మలో ఆ ఒక్కచోటే.

అనితల్లి చెంబు పట్టుకుని వచ్చింది కానీ తలుపు తియ్యలేదు. తలుపులోని అద్దంలోంచి చూసింది. గాలిగదిలో కవచం వచ్చి నిలబడి ఉంది. వీపు ఇటు, మడమలు గడపకి ఆనించి.

"యుద్ధం ముగిసిందని బూర ఊదారా?" అంది.

"లేదమ్మా."

"మరి వీడెందుకొచ్చాడు?"

కోనమ్మకి తెలిసిందల్లా కవచాల పని. ఊళ్లో ఏ యోధుడి కవచం చెడినా బాగుచేసేది ఆమే. ఆమె కవచం వెనక ఉన్న గాలిబుడ్డి ముల్లు చూసింది, సున్నా మీద ఉంది. గొంతు దగ్గర మాట వినిపించే డబ్బా కాలి నల్లగా మాడిపోయింది.

"గాలి ఎప్పుడో అయిపోయిందమ్మా. తమ్ముడు లేడు. కవచమే మోసుకొచ్చింది," అంది. అంటూనే ఏడ్చేసింది.

అనితల్లి ఏడవలేదు. చెంబు కింద పెట్టింది. "లేకపోతే లేకపోయాడు. రణం వదిలొచ్చినోడికి ఈ ఇంట్లో నీళ్లు లేవు. దళవాయి పాపయ్యకి కబురు పెట్టు. ఆయనొచ్చి తేల్చేదాకా ఈ తలుపు ఎవరూ తియ్యొద్దు."

అలా అన్నదే కానీ అక్కడినుంచి కదల్లేదు. అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. కాసేపటికి పిలిచింది. "కోనా, వేలు కదులుతోందే."

కోనమ్మ చూసింది. కుడిచేతి చూపుడువేలు తుపాకి మీద కొట్టుకుంటోంది. టక్, టక్, టక్. ఆగి మళ్లీ టక్, టక్, టక్.

"కవచాలు అట్టాగే అదురుతుంటయ్యమ్మా. నాన్న పోయినప్పుడూ అదిరింది, మర్చిపోయావా?"

"అవును, అదిరింది," అంది అనితల్లి. కొంతసేపటికి ఆ వేలు ఆగిపోయింది.

*

ఆ కవచాలు మామూలు ఇనపచొక్కాలు కావు. తొడుక్కున్నవాడి ఒంటిని అవి నేర్చుకుంటాయి. మోచెయ్యి ఎలా వంచుతాడు, భయమేస్తే ఎటు జరుగుతాడు, గురి చూసేటప్పుడు ఊపిరి ఎక్కడ బిగబడతాడు, అన్నీ. తలపులు దానికి పట్టవు. ఒంటికి ఉన్న అలవాట్లే పడతాయి. కొన్నాళ్లయ్యాక యోధుడి చెయ్యి లేవబోయే ముందే కవచం చెయ్యి లేస్తుంది.

వాటిని చేసిన పండితులు ఒకటే మాట చెప్పారు. తొడుక్కున్నవాడు పోతే కవచాన్ని తుడిచెయ్యండి, ఒకరి ఒళ్లు ఇంకొకరికి సరిపడదు అని. అందరూ తుడిచేశారు. రావుతులు మాత్రం తుడవలేదు. తాత గన్నమ పోయాడు, తుడవలేదు. ఆయన ఒంటి పట్టు మీదే కొడుకు దుగ్గన యుద్ధాలు నేర్చుకున్నాడు. దుగ్గన పోయినప్పుడు కోనమ్మ తుడిచే పనిముట్టు పట్టుకుని కవచం దగ్గరికి వెళ్లింది. తల్లి అడ్డం పడింది.

"మీ నాన్నని రెండోసారి చంపుతావటే?" అంది.

ఆ మాట మీద ఎవరు చెయ్యి ఎత్తగలరు? కోనమ్మ పనిముట్టు పెట్టెలో పడేసింది.

అప్పటినుంచి ఆ ఖాళీ కవచం నట్టింట్లో ఇంటిమనిషిలా ఉండేది. అనితల్లి దానికి పళ్లెం వేసి, మొదటి ముద్ద పెట్టేది. వంటింటి గుమ్మం కాస్త పొట్టి. దుగ్గన ఎప్పుడూ అక్కడ మెడ వంచి వచ్చేవాడు. పోపు ఘాటు గుప్పుమన్నప్పుడల్లా నట్టింట్లో ఆ ఉక్కుమెడ కిర్రుమని వంగేది, లోపల మనిషి లేకుండానే. అనితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. కోనమ్మ మాత్రం ఆ చప్పుడు వింటే పళ్లెం తీసుకుని అవతలికి పోయేది.

సింగన్న దాన్ని తొడుక్కోవడం మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి భోజనం దగ్గర అక్కతో అన్నాడు. "ఇటు చూడవే. కవచం విప్పేసినా గానీ నా చెయ్యి నాన్న కలిపినట్టే కలుపుతోంది అన్నం."

"ఎవరి కొడుకువిరా మరి?" అని కోనమ్మ వెటకారం చేసింది.

"అది కాదే. నాకు పప్పు అట్టా పిసకటం ఇష్టం లేదు. ఆపుదామంటే ఆగట్లేదు." నవ్వుతూనే అన్నాడు. వాడు అన్నీ నవ్వుతూనే అనేవాడు.

*

మర్నాడు దళవాయి పాపయ్య వచ్చాడు. దొర సేనకి పెద్ద ఆయన. దుగ్గనతో కలిసి యుద్ధాలు చేసినవాడు, అనితల్లిని వదినా అనీ, కోనమ్మని అమ్మాయీ అనీ పిలిచే చనువున్నవాడు. ఆయన సమక్షంలోనే కోనమ్మ కవచం విప్పింది. బతికున్న ఒంటిని పట్టుకున్న కవచాన్ని బయటినుంచి ఏ పనిముట్టూ విప్పలేదు. చల్లారిన ఒంటిమీద అయితే దాని పట్టు సడలుతుంది.

సింగన్న ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. ఎడమభుజం మాత్రం కీలు తప్పి వేలాడుతోంది. రెండు మణికట్లూ కమిలి నల్లబడ్డాయి. బయటి దెబ్బ ఒక్కటీ లేదు.

పాపయ్య అనితల్లివైపు తిరిగాడు. "వదినా, చెప్పటానికి నాకే నోరు రావట్లేదు. ఎదురురొమ్మున గాయం లేదు. కోటకి గాలి చేసి పంపే గాలిపేట ముట్టడిలో పని సగంలో ఉండగా వీడు వెనక్కి నడవటం మొదలెట్టాడు. సేనంతా చూసింది. వీరుల గోడ మీద వీడి పేరు చెక్కటం కుదరదు."

అనితల్లి కొడుకు పాదాల దగ్గర కూర్చుని ఉంది. చావుకి ఏడవని మనిషి ఆ మాటకి ఏడ్చింది.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాడు పాపయ్య. "ఈ కవచం లేకుండా గాలిపేట లొంగదు. ఈ ఇంటినించి ఎప్పుడూ ఒక ఒళ్లు ఇస్తామని దొరకి మీరిచ్చిన మాట. మిగిలింది అమ్మాయే. అది తొడుక్కుని ఆ పని ముగిస్తే, ఇంటికి పడ్డ మచ్చ పోద్దని దొరగారి మాట."

కోనమ్మ తమ్ముడి మణికట్టు చేతిలోకి తీసుకుని చూస్తోంది. కవచం బిగిస్తే అంత కమలదు. లోపలినుంచి గింజుకుంటేనే కమిలేది. ఎవరితో గింజుకున్నాడు వీడు?

"తొడుక్కుంటాను బాబాయ్," అంది. "ముందు ఒంటిసాక్ష్యం తీసుకుంటాను. తమ్ముడి ఒళ్లు చివరికంటా ఏం చేసిందో కవచంలో ఉంటుంది. అది నా ఒంటిమీద నడిపిస్తాను. పిరికితనంతో వచ్చాడో, ఇంకెందుకొచ్చాడో మీ ఎదురుగానే తేలిపోద్ది."

"అట్టా ఎవరూ చెయ్యలేదే అమ్మాయీ!"

"ఎవరి కవచంలోనూ చచ్చినవాళ్లు మిగల్లేదు కదా బాబాయ్, చెయ్యటానికి."

అనితల్లి కళ్లు తుడుచుకుంది. "చెయ్యనీ పాపయ్యా. నా కొడుకు పిరికోడు కాదని తేలితే నాకంతే చాలు," అంది.

*

తొడుక్కునేముందు అనితల్లి కూతురి నాలుక మీద దొర ఉప్పు వేసింది, ఆనవాయితీ ప్రకారం. పాపయ్య తుపాకిలో గుళ్లు తీసేసి కవచం చేతికిచ్చాడు. నడవ చివర నిలబడి కోనమ్మ మీట నొక్కింది.

మొదట ఏమీ కాలేదు. తరవాత ఆమె భుజాలు వాటంతట అవే వెడల్పయ్యాయి. మెడ బిగిసింది. ఒళ్లు తనది కానట్టు, అద్దెకిచ్చిన ఇల్లయినట్టు అనిపించింది. ఇది తాత, అనుకుంది. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా ఆ పెద్ద అడుగు, కుడికాలు కొంచెం ఈడ్చడం పోల్చుకుంది. ఆ వెంటనే మోచేతుల్లోకి నాన్న వచ్చాడు. ఆమెకి ఏడుపొచ్చింది. నాన్న చేతులు తగిలి ఎన్నాళ్లయింది!

ఆ చేతులు తుపాకి ఎత్తాయి. కిందికి, బాగా కిందికి గురిపెట్టాయి. అంత కింద ఉండే శత్రువెవడు, నడుమెత్తు కూడా లేనివాడు?

సరిగ్గా అప్పుడు తమ్ముడు మేలుకున్నాడు. ఎడమచెయ్యి గొట్టం పట్టుకుని పక్కకి లాగింది. మోచెయ్యి గురిని మళ్లీ అక్కడికే తెచ్చింది. తమ్ముడు లాగడం, నాన్నా తాతా తిప్పడం. ఒకే ఒంట్లో ముగ్గురు కొట్టుకుంటుంటే కోనమ్మ ఎడమభుజంలో కీలు కలుక్కుమంది. ఆమె అరిచింది. పాపయ్య ముందుకొచ్చి వెనక్కి తగ్గాడు.

సింగన్న ఎలాగో మోకాలు వంచాడు. ఎడమ అరచెయ్యి జారి నడుమెత్తున ఆగింది, గుండ్రంగా, దేన్నో నిమురుతూ. చిన్నప్పుడు పక్కింటి పిల్లల తల అలాగే నిమిరేవాడు. ఇంకో చిన్నది కాబోలు, కాలికి చుట్టుకున్నట్టు మోకాలి దగ్గర బరువు తగిలింది.

"బాబాయ్!" అంది కోనమ్మ కవచంలోంచి. "గాలిపేటలో ఎవరున్నారు?"

"శత్రువులు. దొరకి గాలి పంపటం ఆపేసినోళ్లు."

"పిల్లలున్నారా అని అడుగుతున్నా!"

పాపయ్య నేల చూశాడు. "పేటంటే పిల్లాజెల్లా ఉండరా అమ్మాయీ? ఆజ్ఞ ఆజ్ఞే."

ఆమెకి అర్థమైంది. వాడు కాల్చనన్నాడు. కానీ చేతులు వాడివి కావు. ఎవరి ఉప్పు తిన్నారో వాళ్లు చూపిన చోట కాల్చడమే ఆ చేతులకి తెలుసు. వాడు చెయ్యగలిగింది ఒకటే మిగిలింది, దూరంగా జరిగిపోవడం. తిరిగి పరుగెత్తుదామంటే నడుము తిరగలేదు. వెన్ను చూపడం ఆ కవచంలో ఎవరికీ రాదు. అందుకని తుపాకి గురి అందనంత దూరం పోవాలని, ఒక్కో అడుగూ వాళ్లతో పోట్లాడి వెనక్కి వేశాడు. చివరికి, మడమల మీద నీళ్లు పడితే ఆ కవచం పట్టు వదిలే ఒకే ఒక్క చోటికి చేరుకున్నాడు.

కోనమ్మ కాళ్లు నడవలో వెనక్కి నడవసాగాయి. గాలి మిగుల్చుకోవడానికి తమ్ముడు ఊపిరి సన్నగా, ఆపి ఆపి తీశాడు. ఆమె రొమ్ము కూడా అలాగే తీసింది. ఇంకా కావాలన్నా తియ్యనివ్వలేదు. గాలిగదిలోకి వచ్చింది. మడమలు గడపకి తగిలాయి. తుపాకి ఎత్తి నిలబడింది.

చూపుడువేలు కదిలింది. టక్, టక్, టక్.

ఆ చప్పుడుని కోనమ్మ అప్పుడు పోల్చుకుంది. చిన్నతనంలో తమ్ముడు ఆడుకుని వచ్చి వీధిగుమ్మంలో ఇలాగే వీపు తిప్పి నిలబడేవాడు, యోధుడి లెక్కన. ఆమె చెంబు తేవడం ఆలస్యమైతే గోడ మీద వేలితో కొట్టేవాడు. "అక్కా, నీళ్లు. అక్కా, నీళ్లు."

వాడు బతికే వచ్చాడు. బతికుండే పిలిచాడు. కవచాలు అట్టాగే అదురుతుంటయ్యని తనే చెప్పింది.

ఆమె మీట కోసం చెయ్యి లాగింది, రాలేదు. తమ్ముడి ఊపిరి ఇంకా సన్నబడుతోంది, దానితో ఆమెదీ. కళ్లముందు చీకట్లు కమ్మాయి. పాపయ్య పనిముట్టు తెచ్చి గొళ్లేల మీద పడ్డాడు. బతికున్న ఒంటిమీద గొళ్లెం ఊడుతుందా? "వదినా, పిల్ల పోతోంది! ఊపిరాడట్లేదు!" అని కేకలు పెట్టాడు.

అనితల్లి ఆ వేలినే చూస్తోంది. నిన్న అద్దంలోంచి చూసిన వేలు. అదే తాళం, అదే ఆగడం. గుమ్మం పక్కన, నిన్న తను దించిన చోటే ఉన్న చెంబు అందుకుంది. నిన్నటి నీళ్లే. గడప దగ్గర కూలబడి, రెండు మడమల మీదా పోసింది.

కవచం చేతులు దిగాయి. తుపాకి ఠంగుమని రాలింది. తాత, నాన్న, తమ్ముడు, ముగ్గురూ కలిసి ఒక్క ఒళ్లయినట్టు నెమ్మదిగా ఇంటివైపు తిరిగారు. గొళ్లేలు ఒకటొకటిగా వాటంతట అవే ఊడాయి. కోనమ్మ తల్లి ఒళ్లో పడింది.

*

ఊపిరి తిరిగాక కోనమ్మ, తల్లి కళ్లలోకి చూడలేకపోయింది.

"నిన్న వేలు కదిలినప్పుడు వాడున్నాడా?" అని అడిగింది అనితల్లి.

అబద్ధం చెప్పాలని నోరు తెరిచింది కోనమ్మ. రాలేదు. "ఉన్నాడమ్మా. నేనే... అదురుతుందన్నాను."

"నువ్వు కవచం సంగతి చెప్పావు. కొడుకు సంగతి నేను చూసుకోవాల్సింది," అంది అనితల్లి. కూతురి తల గుండెకి అదుముకుని, ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చింది.

ఏడుపు తగ్గాక పాపయ్య అన్నాడు. "వదినా, ఇక్కడ జరిగింది మన ముగ్గురి మధ్యే ఉంటుంది. వీరమరణమని దొరకి నేను చెప్తాను. సింగన్న పేరు గోడెక్కిస్తాను, నాదీ పూచీ. కవచం మాత్రం పంపించండి. ఎవరో ఒకరి ఒళ్లు నేను చూసుకుంటా."

నిన్నటిదాకా ఆ పేరు కోసం ప్రాణమైనా ఇచ్చే మనిషే అనితల్లి. లేచి వంటింట్లోకి వెళ్లింది. ఏటేటా దొర పంపే ఉప్పుకుండ తెచ్చి పాపయ్య చేతుల్లో పెట్టింది.

"మీ దొర ఉప్పు మీరు తీసుకుపోండి పాపయ్యా. ఈ ఇంట్లో ఇయ్యాల్టినించి చప్పిడికూడే."

"దొర ఊరుకోడు వదినా. గాలి ఆపేస్తాడు."

"గాలిపేటోళ్లు మాకూ చేసిస్తారులే. వాళ్ల పిల్లల్ని చంపకుండా వచ్చినోడి తల్లిని నేను."

పాపయ్య కుండ మోసుకుని వెళ్లిపోయాడు.

కవచం గాలిగదిలో ఇంటివైపు ముఖం పెట్టి నిలబడి ఉంది, ఖాళీగా. అనితల్లి దాని మోచెయ్యి పట్టుకుని నిమిరింది. "ఏవండీ," అంది మెల్లిగా.

"కోనా, ఆ పనిముట్టు తీసుకురా."

"అమ్మా, తుడిస్తే నాన్నొక్కడే పోడు. తమ్ముడూ పోతాడు. వాడి ఒళ్లు ఇంక దీంట్లోనే ఉంది."

"తెలుసు. తుడిచెయ్యి. వీళ్ల చేతుల్లో ఇంకో బిడ్డ పడకూడదు."

కోనమ్మ పెట్టె అడుగునుంచి పనిముట్టు తీసి కవచం మెడ దగ్గర ఆనించింది. మీట నొక్కబోతుంటే తల్లి ఆగమని చెయ్యి అడ్డం పెట్టింది. వెళ్లి చెంబులో కొత్తగా నీళ్లు తెచ్చింది.

"ఇందాక పోసినవి నీకు," అంది. "వాడికి ఇంకా పొయ్యలేదు."

గడప మీద కూర్చుని, కవచం వెనక్కి చెయ్యి చాచి, కుడిమడమ మీద కొన్ని, ఎడమ మడమ మీద కొన్ని పోసింది. అరచేత్తో రెండిటినీ తడిమి కడిగింది. చెంబు ఖాళీ అయ్యాక కూడా కడుగుతూనే ఉంది.

"బాగా తడిశాయంటావా?" అని అడిగింది.

"తడిశాయమ్మా," అంది కోనమ్మ, మీట నొక్కుతూ.